బిళ్ళల గది

హెండర్సన్, నెవాడా
9 అక్టోబరు 1996

రీనోలో ఉన్న వెర్నా వదినకు, లుయెల్లా నమస్కారాలతో రాస్తున్నది.

మీ మోకాలి నొప్పి తగ్గిందనుకుంటాను. నేను బాగున్నానని రాస్తే అబద్ధమవుతుంది, బాగాలేనని రాస్తే మీరు నమ్మరు. అందుకని ఆ మాట వదిలేస్తున్నాను.

మీ ఉత్తరం సోమవారం అందింది. "ఏం పిల్లా, మా తమ్ముడు తాగుతాడా, ఆడతాడా, ఆడవాళ్ళ వెంట తిరుగుతాడా? పాత క్యాసినో బిళ్ళలు పోగుచేసుకుంటాడు, అంతేగా. నిలువునా నష్టపోయి మంచం పట్టిన మనిషిని వదిలేసి మీ నాన్న ట్రైలర్ ఇంట్లో కూర్చుంటావా" అని అడిగారు. ఎదురుగా అడిగుంటే తల వంచుకుని ఊరుకునేదాన్ని. కాగితం మీద కాబట్టి చెబుతున్నాను.

పెళ్లయిన కొత్తలో మీ తమ్ముడు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని బిళ్ళల విలువ ఎలా కట్టాలో నేర్పించారు. క్లబ్బు మూతపడి ఉండాలట. దాని బిళ్ళలు నాశనమై, ఏవో నాలుగైదు మిగిలి ఉండాలట. చేతులు మారి అంచులు అరగకూడదు, బంగారు అక్షరాలు చెరగకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, అది లేక నిద్రపట్టని వాళ్ళు ఇద్దరైనా ఉండాలట. ఒక్కడే ఉంటే బేరం, ఇద్దరుంటే విలువ అన్నారు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. మా అమ్మ మంచాన పడ్డాక మా నాన్న వంటింటి బల్ల మీద కాఫీ డబ్బాలోంచి నీలం బిళ్ళలు బోర్లించి నాకు కూడికలు, తీసివేతలు నేర్పాడు. మీ తమ్ముడి పాఠం కూడా అలాగే శ్రద్ధగా విన్నాను.

ఒకసారి సాయం చేద్దామని ఓ పాత బిళ్ళని గిన్నెల సబ్బుతో కడిగాను. అక్షరాలు పోయాయి. ఆయన తిట్టలేదు. పదకొండు రోజులు మాట్లాడలేదు. పన్నెండో రోజు "నువ్వూ అలాంటిదానివే, నీ మీద ఏ గుర్తూ లేదు" అన్నారు. మీతో ఆ సంగతి చెబితే, వాడి జోకులు అలాగే ఉంటాయి అని నవ్వారు. గుర్తుందో లేదో.

మా ఇంట్లో మంచి ఏసీ ఒక్కటే అని మీకు తెలుసు. అది బిళ్ళల గదిలో ఉంటుంది. ఎండకి బిళ్ళలు వంగిపోతాయని ఆ గది తలుపు తెరవనివ్వరు. మేం పడుకునే గదిలో గడ్డిచాపల కూలర్. జూన్ వస్తే అది కూడా ఆవిరే ఊదుతుంది.

మా నాన్న ఊపిరితిత్తుల నిండా సిమెంటు దుమ్మే. ముప్పై ఏళ్ళు కాంక్రీటు పోసిన మనిషి. వేసవి వస్తే ఈ రేకుల ట్రైలర్‌లో ఊపిరాడక, కిటికీకి తడిగుడ్డ కట్టుకుని కూర్చునేవాడు. ఆయన ట్రైలర్‌కి ఏసీ కొందామని నేను క్యాసినోల్లో పేక పంచే డీలర్ల ఏప్రన్లు కుట్టాను, రెండేళ్ళు. డబ్బు కుట్టుమిషను సొరుగులో ఉండేది. మే నెలలో సిల్వర్ లార్క్ క్లబ్బు నీలం బిళ్ళ ఒకటి అమ్మకానికి వచ్చింది. ఆ క్లబ్బు కూల్చేసి పంతొమ్మిదేళ్ళయింది. లోకంలో ఐదే ఉన్నాయని మీ తమ్ముడి మాట. నేను సొరుగు తీసేసరికి ఖాళీ. "ఏసీలు వచ్చే వారం కూడా అమ్ముతారు లుయెల్లా, ఇది మళ్ళీ దొరకదు" అన్నారు.

సొరుగు మూసేశాను. జూన్‌లో మాత్రం ఒక్కటి అడిగాను. వేసవి పోయేదాకా నాన్నని బిళ్ళల గదిలో పడుకోనివ్వమని. తలుపు మాటిమాటికీ తీస్తే చల్లదనం పోతుంది, ఆయన ఊపిరి తేమ బిళ్ళలకి మంచిది కాదు అన్నారు. ఆ మాట చెప్పకుండా మా నాన్న కిటికీకి తడిగుడ్డ మార్చి కట్టాను. ఆయనే గ్రహించి, "పోనీలే అమ్మడూ, నాకు ఎండ అలవాటే, బిళ్ళలు సుకుమారం" అన్నాడు. నవ్వబోతే దగ్గు వచ్చింది.

జులై పదిహేడున పోయాడు. ట్రైలర్ తలుపు పిడి చెయ్యి పెడితే కాలింది.

అంత్యక్రియలకి మీరు రాలేకపోయారు కాబట్టి తెలీదు. పెట్టె ఇంకా గోతిలోకి దించలేదు. పక్కింటి డెల్బర్ట్ వచ్చి వీధంతా కరెంటు పోయిందని మీ తమ్ముడి చెవిలో చెప్పాడు. ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయారు. పాస్టరు గారు నా వైపు చూసి ప్రార్థన ఆపారు. నేను నేల చూసుకుంటూ కానివ్వండి అన్నట్టు తలాడించాను. ఇంటికి వెళ్ళేసరికి ఆయన గదిలో మంచుగడ్డల బకెట్ల మధ్య కూర్చుని, "దేవుడి దయ, ఒక్కటీ వంగలేదు" అన్నారు.

నాలుగు రోజుల తర్వాత ట్రైలర్ సర్దాలని వచ్చాను. ఇక తిరిగి వెళ్ళలేదు.

ఇక ఆయన నష్టం సంగతి. పోయిన నెల బిళ్ళలు సేకరించేవాళ్ళ సమావేశంలో సిల్వర్ లార్క్ నీలం బిళ్ళలు ఎవరో మూడు డబ్బాల నిండా పెట్టి వెళ్ళారని, ఇప్పుడు దాన్ని కాఫీ ధరకి కూడా ఎవరూ కొనడం లేదని మీరు రాశారు. ఆ పని చేసినవాడి చేతులు పడిపోవాలన్నారు. వదినా, ఆయన బిళ్ళ అంచులు అరగలేదు, అక్షరాలు చెరగలేదు, రంగు వెలిసిపోలేదు. మే నెలలో ఎలా ఉందో అలాగే ఉంది. మరి ఆయన మంచమెందుకు పట్టారో మీరే అడగండి.

సరుకుల అలమరాలో ఆయన మాత్రలు ఉన్నాయి, రెండో అర. నేను రాను.

ఇట్లు,
ఒకప్పటి మీ మరదలు
లుయెల్లా

తా.క. ఆ డబ్బాలు పెట్టింది నేనే.

సిల్వర్ లార్క్ క్లబ్బు మూసినప్పుడు దాని బిళ్ళలన్నీ మళ్ళీ ఎవరికీ దొరక్కుండా కొత్త భవనం పునాదిలో వేసి కాంక్రీటు పోసింది మా నాన్న. దగ్గరుండి చూడాల్సిన అధికారి భోజనానికి వెళ్ళినప్పుడు, రంగు బాగుందని ఐదేళ్ళ కూతురి కోసం మూడు కాఫీ డబ్బాలు నింపుకున్నాడు. తర్వాత అన్నీ పాతిపెట్టానని సంతకం చేశాడు. బయటికి చెబితే నన్ను దొంగంటారు అమ్మడూ, నేను పోయేదాకా ఆగు అని ఒట్టు వేయించుకున్నాడు. ఆ బిళ్ళ అమ్మకానికి వచ్చిన రోజే ఆ ఒట్టు తప్పి ఉంటే నా సొరుగు ఖాళీ అయ్యేది కాదు, ఏసీ వచ్చేది. అది నేను మోయాల్సింది, మీ తమ్ముడిది కాదు.

సమావేశంలో నేను ఎవరితోనూ మాట్లాడలేదు. డబ్బాలు బల్ల మీద పెట్టి, ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండి అని చీటీ రాసి వచ్చాను.

ఈ రేకుల ట్రైలర్‌లో పంతొమ్మిది వేసవులు ఉన్నాయి ఆ బిళ్ళలు. ఒక్కటీ వంగలేదు. ఈ కవరులో పెట్టిన బిళ్ళని ఇక్కడి భోజనాల బల్ల కాలు కింద నుంచి తీశాను. మీ తమ్ముడు మూడేళ్ళు ప్రతి ఆదివారం ఈ బల్ల మీదే తిని, ట్రైలర్ పాతదైనా బల్ల మాత్రం ఊగదని మెచ్చుకున్నారు. అది ఆయనకి ఇవ్వండి. ఆయన దగ్గర రెండవుతాయి.