హోమ్ పిల్లలు లేచి నిలబడండి

1974 జూలై, శుక్రవారం రాత్రి

అనాథల హోమ్ పిల్లల చదువుకని స్కూలుకొచ్చే అదనపు గ్రాంటు ఈసారి త్వరగా వచ్చింది. పొద్దున ప్రేయరయి అందరూ కూర్చోగానే హెడ్మాస్టరుగారు నోటుపుస్తకాల కట్టలు ముందు పెట్టుకుని, "హోమ్ పిల్లలు లేచి నిలబడండి" అన్నారు.

నేనూ లేచి నిలబడ్డాను! హోమ్ వదిలి పద్దెనిమిదేళ్లయింది, కూర్చున్నది టీచర్ల కుర్చీలో, అయినా కాళ్లు వాటంతటవే లేచాయి. పక్కనున్న మెహరున్నీసా టీచర్ "ఏంటండీ?" అంటే, "కాలు తిమ్మిరెక్కిందండీ" అని కూర్చున్నాను.

ఆ కొత్త పుస్తకాల వాసన ఇంకా ముక్కులోనే ఉంది. చిన్నప్పుడు మేం ఒళ్లో పెట్టుకుని వాసన చూస్తుంటే హోమ్‌లో మమ్మల్ని చూసుకునే మేట్రనమ్మ "తినేస్తారా ఏంటే?" అని నవ్వేది. అట్ట మీది హోమ్ ముద్ర కనపడకుండా పాత క్యాలెండర్ కాగితాలు చుట్టి, అన్నం మెతుకులతో అంటించేవాళ్లం. ఎంత దాచితే ఏం లాభం, అప్పటికే అందరి ముందూ నిలబెట్టేశారుగా!

మధ్యాహ్నం హోమ్ నుంచొచ్చే మూడో క్లాసు రూతు నా దగ్గరికొచ్చి, "టీచర్, మీరూ లేచారుగా, మీకు పుస్తకాలివ్వలేదేం?" అంది.

"నాకు చిన్నప్పుడే ఇచ్చారమ్మా" అన్నాను. అది గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

వచ్చే ఏడు ఎవర్నీ నిలబెట్టకుండా క్లాసులోనే ఇవ్వమని రేపు హెడ్మాస్టరుగారిని అడగాలి. ఎందుకమ్మా అంటారాయన. ఆయనకి కూడా కాలు తిమ్మిరని చెప్పలేను కదా...