కడిగితే పోయిన గులాబి రంగు

మంగళవారం, గట్టు

నా మెడ గడ్డ పరీక్ష ఇవాళ పొద్దున కూడా తేలలేదు. గడ్డ ముక్క పెట్టిన స్లైడ్ మీద గులాబి రంగు నిలవలేదు. రంగు సీసా మార్చినా అంతే. ల్యాబ్‌లో రంగు వేసే పద్మను, ఎలా కడుగుతున్నావని అడిగాను.

"నీళ్లల్ల రంగు దిగుడు బందయ్యేదాంక కడుగుత సార్. మా ఇంట్ల చీరల నూలు గట్లనే కడుగుతం."

"గిది చీర గాదమ్మా, సారు మెడ!" అంది స్లైడ్ చూడ్డానికి పక్కనే కూర్చున్న డాక్టరమ్మ.

పద్మ మళ్లీ రంగు వేసి, ఈసారి నీళ్లలో ఒక్కసారి ముంచి తీసింది. గులాబి నిలిచింది. ముగ్గురం సంబరపడ్డాం. డాక్టరమ్మ స్లైడ్‌ను మైక్రోస్కోప్ కింద పెట్టి వంగింది.

ముప్పై ఏళ్లుగా విలేకరిగా ఊరందరినీ ప్రశ్నలడిగే నేను, "ఏముంది?" అని అడగకుండానే మా ఊరు గట్టు బస్సెక్కేశాను. ఫోన్ కూడా ఆఫ్ చేశాను. రేపు ఆన్ చేయాలి...