మొలతాడుకు కట్టాల్సిన వెండి బిళ్ళ

తాతయ్యా,

ఈ రోజు అక్క కూతురి బారసాల. మన పామర్రు ఇంట్లో ఏ బిడ్డ పుట్టినా మొలతాడుకు నువ్వు కట్టే రోమ్ వెండి నాణెం కోసం పొద్దున్నే బెజవాడలో పెదనాన్న దగ్గరకు వెళ్ళాను. కాలవ పూడిక తీస్తుంటే మీ నాన్నకు దొరికిందే, అదే.

బట్టలకొట్లో పెదనాన్న తల కూడా ఎత్తలేదు. "దొరగారి బొమ్మున్న బిళ్ళా? నాన్న సంవత్సరీకానికి వెండి ఫ్రేము చేయించాంగా! పాత పట్టీలతోపాటు కరిగించేశాం. ఎంత మేలైన వెండోనని కంసాలి తెగ మెచ్చుకున్నాడ్రా."

నాకు ఒళ్ళు మండింది. "దొర కాదు పెదనాన్నా, రోమ్ చక్రవర్తి!" అని బేరాలకొచ్చిన వాళ్ళందరి ముందూ అరిచాను.

సైన్యం జీతాల కోసం తర్వాతి చక్రవర్తులు వెండిలో రాగి కలిపితే, మన రేవుల్లో వర్తకులు మేలైన పాత నాణేలే కావాలన్నారట. చిన్నప్పుడు పుస్తకాల్లో చదివి ఆ సంగతి చెబితే, "మనోళ్ళు గట్టోళ్ళేరా" అని మగ్గం ఆపి మరీ నవ్వావు. ఆ మేలిమే చివరికి దాన్ని కరిగించింది.

"ఉపన్యాసం ఆపి నాన్నకి దండం పెట్టుకో," అన్నాడు పెదనాన్న.

కొట్టు గోడమీద ధగధగలాడే ఫ్రేములో నీ ఆధార్ కార్డు ఫొటో, పెద్దది చేయించి పెట్టారు. ఆ కార్డుకి తప్ప బతికుండగా నిన్నెవరూ ఫొటో తీయలేదు మరి. దండం పెట్టకుండానే బస్సెక్కాను.

సాయంత్రం అమ్మ పాపకు ఉత్త నల్లదారం ముడేసింది.

"బిళ్ళేదిరా?" అంది అక్క.

"తాతయ్య ఫొటో చుట్టూ ఉంది."

అది నీకు చేసిన గౌరవమనుకుని, అక్క పైకి చూసి, పాప చేతులు రెండూ కలిపి నీకు దండం పెట్టించింది.