పందెం కాయని గెలుపు

యాదగిరీ,

మన బిజిలీ ఈరోజు గెలిచిందిరా! ఎవరూ నమ్మని రోజుల్లో ఆ గుర్రాన్ని నువ్వొక్కడివే మెచ్చావు. అప్పుడు దానిమీద రూపాయి కాసి గెలిస్తే బుకీలు ఇరవై ఇచ్చేవాళ్లు. నువ్వు పోయాక అది గెలుస్తూ గెలుస్తూ అందరి నోళ్లలో నానింది. ఈరోజు బోరబండలో రైలెక్కి మలక్‌పేట రేసులకు పోతే, రూపాయికి రూపాయి లాభం కూడా ఇవ్వట్లేదు. అంత తక్కువ రేటుకు పందెం కాస్తే నువ్వు నా మొహం చూసేవాడివా? కాయలేదు. కానీ చివరి మలుపులో అది ముందుకు దూకగానే, కంచె పట్టుకుని గొంతు పోయేలా అరిచాను.

పక్కనున్న హైటెక్ సిటీ ఉద్యోగి అడిగాడు.

"తాతా, గంత మొత్తుకుంటున్నవ్, ఎంత పెట్టినవేంది?"

"ఒక్క పైస పెట్టలే. గీ రేటుకు అకల్ ఉన్నోడెవడూ పెట్టడు."

"మరి గింత ఖుషీ ఎందుకు?"

"మా యాదగిరి మెచ్చిన గుర్రం బిడ్డా అది!"