గుర్రం పేపరు చదవదు

తమ్ముడూ,

మేమిక్కడ క్షేమమని రాయలేను. ఆదివారం పందెంలో మీ బావ స్వారీ చేయబోయే గుర్రం గురించి నువ్వు పేపర్లో రాసింది చదివాను. గెలిస్తే వచ్చే లాభం పెట్టినదాంట్లో పావు వంతు కూడా లేకపోయినా కళ్ళు మూసుకుని కాయొచ్చన్నావు. ఊరంతా దాని మీదే కాసింది. మంగలి మీ బావకు గడ్డం గీస్తూ కత్తి మెడ దగ్గర ఆపి, "ఓడిపోతే మాత్రం ఇటు రాకండి బాబూ" అన్నాడట. నవ్వుతూనే అన్నాడట.

గుర్రానికేం, అది పేపరు చదవదు. మీ బావ చదువుతారు. బరువు పెరగకూడదని అన్నం మానేశారనుకున్నాను. ఇప్పుడు మంచినీళ్ళు కూడా గొంతు దిగడం లేదు. చేతులు వణికి, చొక్కా గుండీలు నాచేత పెట్టించుకుంటున్నారు. ఆ చేతులతోనే ఆదివారం కళ్ళెం పట్టాలి కదా.

నీకు దణ్ణం పెడతాను, ఆ గుర్రం మీద ఒక్క చెడ్డమాట రాయి. దమ్ము చాలదను, బురదలో జారుతుందను. సగం మంది వేరే గుర్రానికి మళ్ళినా ఆయన ఊపిరి పీల్చుకుంటారు.

అబద్ధం రాయనంటావని తెలుసు. అందుకే పొద్దున గుండీలు పెడుతూ ఆయన్నే అడిగాను, ఆ గుర్రం అంత పేరుకు తగినదేనా అని.

"గుర్రం మాత్రం తగినదే" అని, చేతులు రెండూ జేబుల్లో దాచుకున్నారు.

నీ అక్క