రత్తయ్యకు తెలియని డ్రైవరు

ఉదయగిరి, 2-3-1956

చిరంజీవి పెంచలనరసింహానికి బావ మల్లికార్జునం ఆశీస్సులు. నేను బాగానే ఉన్నాను.

ఈసారి ఆత్మకూరు తిరునాళ్ళలో ఎడ్ల బండలాగుడుతో పాటు పాత ట్రాక్టర్లకూ పందెం పెడుతున్నారని కరపత్రంలో చూశాను. స్టాక్ క్లాసు అట. నా మెట్ట పొలానికి ఎలాగూ ట్రాక్టరు కావాలి. అనుమసముద్రంపేటలో ఒకటి, జలదంకిలో ఒకటి అమ్మకానికి ఉన్నాయి. అంగడి మూసి రెండూ చూసి రా. రంగు చూడకు. బరువు చూడు, వెనక టైర్లు చూడు, మొదటి గేరులో ఎంత నిదానంగా నడుస్తుందో చూడు. బండలాగుడులో పరుగెత్తేది గెలవదు, నేలను పట్టుకునేది గెలుస్తుంది.

మర్రిపాడు రత్తయ్య కూడా ట్రాక్టర్ల చుట్టూ తిరుగుతున్నాడని విన్నాను. నీకు చిన్నక్క మొగుడు, నాకు తోడల్లుడు. నాకేమీ అసూయ లేదు. అతను మాత్రం గెలవకూడదు.

ఇట్లు,
మల్లికార్జునం

తా.క.: తిరునాళ్ళలో పెద్దల్లుడికి కండువా కప్పడం మీ ఇంటి ఆనవాయితీ. మీ పెద్దక్క పోయి ఏడాది దాటింది. ఇక కండువా రత్తయ్యకేనని బస్సు కండక్టరు అన్నాడు. ఊరికే అడుగుతున్నాను.

ఆత్మకూరు, 6-3-1956

బావగారికి పెంచలనరసింహం నమస్కారాలు. అమ్మకు మోకాళ్ళ నొప్పి తప్ప ఇక్కడ అందరం క్షేమం.

రెండూ చూసి వచ్చాను. ఎద్దయితే పళ్ళు చూసి వయసు చెబుతాను, దీనికి ఎక్కడ చూడాలో తెలియలేదు. జలదంకిది ఎర్రగా పెళ్ళికూతురిలా ఉంది, నెడితే జరుగుతుంది. పేటది బూడిద రంగు. స్టార్టు చేస్తే అక్కడి దర్గాకు వచ్చిన జనమంతా వెనక్కి తిరిగి చూశారు. నలుగురం నెట్టినా కదల్లేదు. "ఏందయ్యా ఇది, బండ లాగేదా, బండేనా?" అని అడిగితే అమ్మేవాడికి కోపమొచ్చింది.

స్టాకు గురించి దిగులు పడవద్దు. చింతపండు, శనక్కాయలు, బెల్లం, మన గోడౌన్లో కావలసినంత ఉంది. ఎన్ని బస్తాలు ఎక్కించమంటావు?

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: రత్తయ్య బావ పేటలో కనబడ్డాడు. ఆ బూడిద దానిమీదే ఎక్కి చక్రం తిప్పుతూ, "మా ఉదయగిరి అన్న ఏది కొంటాడంట రా?" అని అడిగాడు.

ఉదయగిరి, 9-3-1956

చిరంజీవి నరసింహానికి ఆశీస్సులు.

స్టాకంటే నీ అంగట్లో సరుకు కాదు. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో బండి అలాగే ఉండాలని అర్థం. ఏదీ చేర్చకూడదు. బస్తాలేవీ ఎక్కించకు.

బూడిదది వెంటనే కొను. రత్తయ్య అడిగితే ఎర్రది చాలా మంచిదని చెప్పు.

ఇట్లు,
మల్లికార్జునం

తా.క.: చెడిపోయిన గడియారాన్ని రత్తయ్య బాగుచేశాడని మీ పెద్దక్క పదేళ్ళు చెప్పింది. నేనేం బాగుచేస్తానని అడిగితే, "మీరు ఎదుటివాళ్ళ ఇంగ్లీషు బాగుచేస్తారు" అనేది. ఇప్పుడు గడియారం ఆడుతూనే ఉంది.

ఆత్మకూరు, 14-3-1956

బావగారికి నమస్కారాలు. బూడిదది కొన్నాను, మన గోడౌన్లో ఉంది.

కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండాలన్నావని, పాత యజమాని కట్టిన నిమ్మకాయలు, గంట, సీటు మీద గోనె దిండు, అన్నీ ఊడబెరికాను. రంగు వెలిసింది కదా, దానికేం చేయాలని పందెం కమిటీ వాళ్ళనడిగితే, "నువ్వు ఇంటికి పోయి పడుకో నాయనా" అన్నారు.

కండువా సంగతి అమ్మను అడిగాను. "నువ్వడగతా ఉండావా, ఆయన అడగమన్నాడా?" అంది. నువ్వే అడగమన్నావని చెప్పాను. "అయితే ఆయన్నే వచ్చి అడగమను. ఏడాదిగా ఈ గడప తొక్కలా" అంది.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: రత్తయ్య బావ ఇంకా ఏదీ కొనలేదంటాడు. కానీ రెండు రోజులుగా చేతులు గ్రీజు వాసన. అన్నం తింటున్నా పోవడం లేదు.

ఉదయగిరి, 17-3-1956

చిరంజీవి నరసింహానికి ఆశీస్సులు.

గ్రీజు వాసనే సాక్ష్యం. రహస్యంగా కొన్నాడు. మంచి డ్రైవరును చూడు. రత్తయ్యకు తెలిసినవాడు వద్దు, కుమ్మక్కవుతాడు. తిరునాళ్ళ రోజు ఉదయం బస్సుకు వస్తాను. మీ ఇంటికి రాను, మైదానంలోనే నిలబడతాను.

ఇట్లు,
మల్లికార్జునం

తా.క.: కండువా నాకు అవసరం లేదని అత్తయ్యకు చెప్పు. ఒకవేళ తెస్తే సన్నంచు బాగుంటుంది.

ఉదయగిరి, 25-3-1956

పెంచలనరసింహానికి,

వచ్చాను. చూశాను. నా ట్రాక్టరు, నా సీటు, దానిమీద రత్తయ్య! దిండు కూడా లేకుండా హాయిగా కూర్చుని ఉన్నాడు. ఎంతకు అమ్మావో అడగను. అదే బస్సుకు తిరిగి వచ్చేశాను. ఇక నాకు ఉత్తరాలు రాయవద్దు.

మల్లికార్జునం

తా.క.: ఎవరు గెలిచారు? తెలుసుకోవాలని కాదు.

ఆత్మకూరు, 28-3-1956

బావగారికి నమస్కారాలు. రాయవద్దన్నావు కాబట్టి దీన్ని ఉత్తరం అనుకోవద్దు, తిట్టు అనుకో.

రత్తయ్య బావకు తెలియని డ్రైవరు కావాలన్నావు. ఈ చుట్టుపక్కల ఆయనకు తెలియని డ్రైవరు ఉంటే కదా? ఆ మాటే ఆయనతో అంటే నవ్వి, "అయితే నేనే తోలతా. నేను డ్రైవర్నని నాకే ఇంకా తెలీదు" అన్నాడు. నీ బండి గోడౌన్‌కు వచ్చిన రోజు నుంచే నాకు చెప్పకుండా దాన్ని విప్పి గ్రీజు పెడుతున్నాడట, ఆ తర్వాత నీ కోసమే వారం రోజులు గోడౌన్ వెనక తోలడం నేర్చుకున్నాడు. ఆ గ్రీజు నీదే, బావా.

నువ్వే గెలిచావు. ఎవరో కొని తెచ్చిన ఆ జలదంకి ఎర్రది ముందు చక్రాలు పైకి లేపి గుర్రంలా నిలబడిపోయింది. నీది గొణుక్కుంటూ బండను చివరిదాకా లాక్కుపోయింది. "ఉదయగిరి మల్లికార్జునం గారూ!" అని మైకులో పిలిచి పిలిచి కమిటీ వాళ్ళ గొంతు పోయింది.

అమ్మ కండువా పట్టుకుని ఎండలో నిలబడే ఉంది. కూతురు పోయాక కూడా పెద్దల్లుడేనా అని ఎవరో అన్నారు. అమ్మ ఊరుకుంటుందా? "అల్లుడంటే ఇంటికి వచ్చినోడు. మళ్ళా తీసేసేదానికి ఆయనేమన్నా సీటు మీద దిండా?" అంది.

శనివారం ట్రాక్టరు నీ ఇంటికి తోలుకొస్తున్నాం. రత్తయ్య బావ తోలతాడు, నేను మడ్‌గార్డు మీద, అమ్మ వెనక ట్రెయిలర్లో. మోకాళ్ళ నొప్పి అంటే వినడం లేదు. ముగ్గురికి అన్నం వండించు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: తోలినోడికి ఏమీ లేదా అని రత్తయ్య బావ అడిగాడు. "పెద్దల్లుడికే" అంది అమ్మ. అప్పటినుంచి ఆయన ముఖం మాడ్చుకుని ఉన్నాడు. దారిలో నీ బండిని ఏ గుంటలో దించుతాడో అని నా భయం. సన్నంచే తెచ్చాం.