మంచం పక్కన ఉండవలసిన ఫోను

ఈపురుపాలెం,
శనివారం.

జిల్లా ఉన్నతాధికారి గారి సముఖమునకు, మరమగ్గాల కార్మికురాలు, వయస్సు 54, రెండు చెవులకూ వినికిడి లోపము గల అనసూయ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: బాపట్లలోని వినికిడి పరికరముల పంపిణీ విభాగము వారు గత సోమవారం నా ఫోను తీసుకొనుట, నాకు వినికిడి కలదని వ్రాయుట గురించి.

1. నేను ఇరవై ఎనిమిది సంవత్సరములు మరమగ్గాల షెడ్డులో పనిచేసినదానను. ఆ మోతకు చెవులు పోయినవి. డాక్టరు గారి సర్టిఫికెట్టు జతపరచడమైనది. పరికరము కొరకు పెట్టుకున్న దరఖాస్తుకు పోయిన శ్రావణమాసంలో రసీదు ఇచ్చినారు. రసీదు తప్ప మరేమీ ఇవ్వలేదు.

2. నా భర్త జమలయ్య పక్షవాతం వచ్చి మంచాన ఉన్నాడు. గొంతు పీలగా వస్తుంది. పిలిస్తే నాకు వినపడదు. అసలు పరికరం బజారులో కొనే తాహతు మాకు లేదు. మా పక్కింటి సౌజన్య చీరాలలో నర్సు. తన పాత ఇయర్‌బడ్స్ నాకిచ్చి, ఫోనులో ఏదో నొక్కిపెట్టి, "పిన్నీ, ఫోను బాబాయి మంచం దగ్గర పెట్టు. నువ్వు వంటింట్లో ఉన్నా ఆయన మాట నీ చెవిలో పడుద్ది" అన్నది. పడింది. ఏడాది తర్వాత ఆయన "అనసూయా, మంచినీళ్లు" అనడం విన్నాను. అంతకుముందు ఎన్నిసార్లు అడిగి ఊరుకున్నాడో నాకు తెలియదు.

3. సోమవారం ఆయన దగ్గర రావమ్మ వదినను కూర్చోబెట్టి బాపట్ల వెళ్లాను. అధికారి మధుసూదన్ గారి మాట వినపడాలని ఫోను వారి బల్ల మీద పెట్టాను. వారు ఉలిక్కిపడి "ఏంటమ్మా, రికార్డు చేస్తున్నావా?" అన్నారు. "లేదండి, ఇవి నా చెవులండి" అని చెవుల్లోవి చూపించాను. "పాటలు వింటా చెవుడంటావేంటి?" అని, విచారణ నిమిత్తం అంటూ ఫోను తమ దగ్గరే ఉంచుకుని, నా దరఖాస్తు మీద "వినికిడి కలదు" అని వ్రాసి, నన్ను బయటికి పంపినారు.

4. నేను దగ్గరలో ఉంటే, ఆ ఫోను ఉన్నచోటి మాట నా చెవిలో పడుతుందని పైన రెండవ పేరాలో మనవి చేసుకున్నాను. వారు తీసుకున్నది ఫోను మాత్రమే. ఇయర్‌బడ్స్ నా చెవుల్లోనే ఉన్నాయి. కిటికీ పక్క బెంచీ మీద కూర్చుని ఇరవై నిమిషాలు విన్నాను. గుమాస్తా కిరీటి గారు, "సార్, పచ్చ బీరువాలో చెవి మిషన్లు నలభై పెట్టెలున్నాయిగా, ఆవిడకొకటి ఇస్తే పోద్ది" అన్నారు. మధుసూదన్ గారు, "ముఖ్య అతిథి డేటు ఇవ్వకుండా ఎట్టా ఇస్తాం? స్టేజీ మీద ఫొటో పడాల. చెవిటోళ్లేగా, ఇంకో ఆర్నెల్లు ఆగితే ఏం పోద్ది?" అన్నారు. తర్వాత టీ తెప్పించుకున్నారు.

నా పక్కన రేపల్లె నుంచి వచ్చిన పెద్దాయన కూర్చున్నారు. నా ముఖం చూసి ఏమైందని సైగ చేశారు. అరిచి చెప్పినా ఆయనకు వినపడదు.

5. ఏం పోతుందో వ్రాస్తున్నాను. గురువారం పొద్దున నేను పెరట్లో నూలు కండెలు చుడుతున్నాను. జమలయ్య బాత్రూముకు తీసుకెళ్లమని పిలిచాడు. నేను రాలేదు. తనే లేవబోయి పడ్డాడు. పక్కటెముక విరిగింది. నేను లోపలికి వెళ్లేసరికి తడిసిన పంచెతో నేల మీద ఉన్నాడు. ఎన్నిసార్లు పిలిచావయ్యా అని నా చెవి ఆయన నోటికి ఆనించి అడిగాను. "పోనీలే" అన్నాడు.

ఆరవది లేదు సార్, కోపమే ఉంది. స్టేజీ ఎక్కి, పెట్టె పట్టుకుని, ఫొటోకి నేను నవ్వాలట. నేను నవ్వను. ఇయర్‌బడ్స్ పెట్టుకున్నది షోకు కోసం కాదు, నా మొగుడు దాహంతో నాలుక పిడచగట్టుకుని పడి ఉండకూడదని. ఈ కాగితం వ్రాస్తూ ఏడుసార్లు లేచివెళ్లి ఆయన పెదవులు కదులుతున్నాయేమో చూసి వచ్చాను. మధుసూదన్ గారు ఒక్క పూట అట్లా లేచి చూడమనండి.

కావున తమరు దయతో నా ఫోను వెంటనే ఇప్పించి, "వినికిడి కలదు" అన్న వ్రాతను కొట్టివేయించి, పచ్చ బీరువా తాళం తీయించవలెనని, ఇదంతా చిత్తగించవలెనని కోరుచున్నాను. వారు వ్రాసిన ఆ మాట, కిటికీ పక్కన కూర్చున్న ఆ ఇరవై నిమిషాలకు మాత్రమే నిజం.

తమ విధేయురాలు,
అనసూయ

తా.క.: నా ఫోనులో ఏదీ రికార్డు కాలేదు సార్. ఎట్లా చేయాలో నాకు రాదు. ఆ సంగతి మధుసూదన్ గారికి తెలియదు. నలభై పెట్టెలూ నలభై మందికి చేరేదాకా తమరు కూడా చెప్పకండి.